పాత గచ్చు చెంత కొత్త గచ్చు

ఈ శీర్షికలో ఇంతవరకు గోడల చెమ్మను గురించి, డాబా కారడాన్ని గురించి, నీళ్ళ తొట్టె శుభ్రతను గురించి వ్రాస్తూ వచ్చాము. ఈ మాసం వీధి గుమ్మం దాటి బయటకు వస్తున్నాము. గేటు మొదలు అరుగు వరకు గల నడక దారి, దాని మీది సిమెంటు గచ్చు, ఇంట్లో అన్నిటికంటే ఎక్కువగా తొక్కుడు పడే చోటు. పట్టింపు మాత్రం దానికి అన్నిటికంటే తక్కువ. అది కొంత మేర పగిలినప్పుడో, కొంత పొడిగించవలసి వచ్చినప్పుడో పాతదానికి కొత్తదాన్ని కలపడం ఎలాగ అన్న ప్రశ్న వస్తుంది. మేస్త్రిని పిలిచి చూపిస్తే ఆయన ఒక పూటలో ముగించే పనిగానే కనిపిస్తుంది. రెండు వర్షాకాలాలు గడిచేసరికి అతుకు దగ్గర చీలిక, ఆ చీలికలో గడ్డి, ఒక అంచు లేచి మరొక అంచు కుంగి, రాత్రివేళ కాలు తగిలే మిట్ట, ఇవన్నీ ఒకటొకటిగా బయటపడతాయి.

ప్రశ్న మాకు ఖరగ్‌పూర్ నుంచి వచ్చింది. రావలసిన ఊరి నుంచే వచ్చిందని మా అభిప్రాయం. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వేకు 1902లో వాల్తేరు, కటకం మధ్య గల తూర్పు తీరపు మార్గం దఖలుపడింది. ఖరగ్‌పూర్‌లో ఆ రైల్వే వారి పెద్ద వర్క్‌షాపు రూపుదిద్దుకున్నది కూడా ఆ సంవత్సరాలలోనే. అప్పటి నుంచి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల వారు తండోపతండాలుగా ఆ ఊరికి వెళ్ళి ఫిట్టర్లుగా, బాయిలర్ పనివారుగా, గాంగ్‌మెన్‌గా, గుమాస్తాలుగా స్థిరపడ్డారు. మథురాకాటి, నింపురా రైల్వే కాలనీలలో తెలుగు పలకరింపు వినపడని వీధి ఉండదని అక్కడివారు గర్వంగా చెప్పుకుంటారు. మూడు తరాలు గడిచాయి. మన సంస్థలోనూ ఆ ఊళ్ళో పుట్టి, అక్కడి తెలుగు బడిలో అక్షరాలు దిద్దినవారు కొందరు ఉన్నారు. ఉద్యోగ విరమణ నాడు క్వార్టరు ఖాళీ చేసి, భవిష్యనిధి సొమ్ముతో ఊరి అంచున మూడు గదుల సొంత ఇల్లు వేసుకున్న తండ్రులు వారివి.

పాతదానికి కొత్తది కలపడం ఆ ఊరికి కొత్త విద్య కూడా కాదు. మన పిల్లల చిన్ననాటి క్విజ్ పుస్తకాలలో ప్రపంచంలోకెల్ల పొడవైన రైల్వే ప్లాట్‌ఫారం ఖరగ్‌పూర్‌ది అనీ, దాని పొడవు 2733 అడుగులు, అనగా 833 మీటర్లు అనీ ఉండేది. తరువాత అదే ప్లాట్‌ఫారం 1072.5 మీటర్లకు పెరిగింది. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్ళి ఆ బిరుదును ఒకదాని తరువాత ఒకటి తీసుకున్నాయనుకోండి, అది వేరే సంగతి. సామాను నెత్తిన పెట్టుకొని, చంకన బిడ్డతో, రైలు పెట్టె నంబరు వెదుకుతూ తల పైకెత్తి పరుగెత్తే ప్రయాణికుడు పాదాల వంక చూడడు. అటువంటి చోట పాత భాగానికీ కొత్త భాగానికీ మధ్య మట్టం తేడా ఉండరాదు. ఇంటి దారి నలభై అడుగులే కావచ్చు, నడిచేవారు మాత్రం అటువంటివారే.

ఇక వచ్చిన ఉత్తరం. వ్రాసినవారు మన సహోద్యోగి. తండ్రిగారు వర్క్‌షాపులో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న పెద్దమనిషి, వయస్సు ఎనభై దాటింది. తల్లిగారు మోకాళ్ళ నొప్పుల వల్ల వాకర్ పట్టుకొని నడుస్తున్నారు. ఇంటి ముందు రోడ్డు మీద పాత పొరను తీయకుండానే మళ్ళీ మళ్ళీ కొత్త పొర వేస్తూ రావడం వలన, రోడ్డు ఇప్పుడు గేటు లోపలి గచ్చు కంటే 7 అంగుళాలు ఎత్తుకు చేరింది. వానాకాలం వస్తే వీధి నీరు అరుగు దాకా వస్తుంది. దారి మొత్తం పగులగొట్టి ఎత్తుగా, ఒకే రంగులో, అతుకు కనపడకుండా వేయించాలని కుమారుని కోరిక. తండ్రిగారు ఒప్పుకోవడం లేదు. ఆ గచ్చు ఇల్లు కట్టిన ఏడాది తాను స్వయంగా మేస్త్రి పక్కన కూర్చొని వేయించినది. గేటు దగ్గర పచ్చి సిమెంటు మీద మేకుతో గీసిన సంవత్సరపు అంకెలు, వాటి పక్కన అప్పటికి మూడేళ్ళ వాడైన ఇదే కుమారుని పాదముద్ర ఇప్పటికీ ఉన్నాయట. ఏం చేయమంటారు అని ప్రశ్న.

అతుకు కనపడకుండా చేయడం సాధ్యం కాదని ముందుగానే మనవి చేస్తున్నాము. అందుకు కారణం ఆ ప్రాంతపు గచ్చులోనే ఉన్నది. రాయి దూరం, ఇటుక దగ్గర అయిన బెంగాల్ మైదానంలో ఒకప్పుడు కంకరకు బదులు బాగా కాలి నల్లబడిన ఇటుకను, అక్కడి మాటలో ఝామాను, ముక్కలుగా కొట్టి కాంక్రీటులో వాడేవారు. ఆ ముక్కలను ఖోవా అంటారు. పాత ఇళ్ళ గచ్చు అంచు విరిగిన చోట చూస్తే ఎర్రని, ఊదారంగు ఇటుక ముక్కలు కనిపిస్తాయి. ఈనాడు వేసే ఢలాయిలో పడేది పాకుర్ నుంచి వచ్చే నల్లరాతి చిప్స్. (కాంక్రీటు పోయడాన్ని ఢలాయి అనడం ఖరగ్‌పూర్ తెలుగువారికి అలవాటైపోయింది. మనకూ ఆ మాట బాగానే ఉన్నది.) ఇసుక వేరు, సిమెంటు వేరు. పాతదానికి నలభై ఏళ్ళ ఎండ, వాన, మొరం దుమ్ము పట్టి ఉన్నాయి. ఈ రెండూ ఒకే రంగులో ఉండాలని పట్టుబట్టడం, తాతను మనుమణ్ణి ఒకే ఫోటోలో కవలలుగా చూపించమని అడగడం వంటిది.

కనుక కుమారుని దృష్టి రంగు మీది నుంచి మట్టం మీదికి మరలాలని కోరుతున్నాము. ఆ ఇంట్లో నిజమైన ప్రమాదం అక్కడ ఉన్నది. ఆరంగుళాల మెట్టును కన్ను చూస్తుంది, కాలు లేస్తుంది. ముప్పాతిక అంగుళం మిట్టను కన్ను చూడదు. వాకర్ ముందు కాళ్ళు దానికి తట్టుకొని ఆగిపోతాయి, మనిషి ఆగడు. ఆ వయస్సులో తుంటి ఎముక విరిగితే ఆ తరువాతి సంవత్సరం ఎలా గడుస్తుందో మన కుటుంబాలలో చాలామందికి తెలుసు. పాతకూ కొత్తకూ మధ్య నిలువు తేడా పావు అంగుళం దాటరాదు. దాటితే అంచును వాలుగా చెక్కి తీరాలి.

ఇప్పుడు లెక్క చూద్దాము. రోడ్డు 7 అంగుళాలు ఎత్తు. వీధి నీరు లోపలికి దొర్లకుండా గేటు గడప వద్ద రోడ్డు కంటే ఒక అంగుళం ఎత్తున గుండ్రని గట్టు కావాలి. మొత్తం 8 అంగుళాలు. చక్రాల కుర్చీకైనా, వాకర్‌కైనా వాలు 12 అడుగులకు ఒక అడుగును మించరాదన్నది అందరూ పాటించే కొలత. అంటే 8 అంగుళాలు దిగడానికి 8 అడుగుల పొడవు వాలు కావాలి. అంతకంటే కురచగా వేస్తే స్కూటరు దిగుతుంది గాని తల్లిగారు దిగలేరు. ఆ 8 అడుగులు దాటిన తరువాత అరుగు దాకా పాత గచ్చును ముట్టుకోనవసరం లేదు. దారి మొత్తం పగులగొట్టాలన్న మాట ఇక్కడితోనే తేలిపోయింది.

చిక్కు వాలు దిగువ కొసలో వస్తుంది. పాత గచ్చు మీదనే సిమెంటు పోసి, చివరికి వచ్చేసరికి దోసె అంచులాగా పలుచన చేసి ముగించడం మన ప్రాంతంలోనూ అక్కడా మేస్త్రులకు అలవాటు. ఆ పలుచని అంచు ఒక్క వేసవికి పెచ్చులుగా లేచిపోతుంది. కాంక్రీటు ఎక్కడా 4 అంగుళాల కంటే పలుచన కాకుండా చూసుకోవాలి. మన వాలులో దిగువ కొస నుంచి 4 అడుగుల దూరం వచ్చేసరికి ఎత్తు సరిగ్గా 4 అంగుళాలు అవుతుంది. కాబట్టి దిగువ 4 అడుగుల మేర పాత గచ్చును తీసివేసి, నేలను తవ్వి దిమ్మిసతో గట్టిపరచి, పూర్తి మందంతో వేయాలి. ఎగువ 4 అడుగులు పాత గచ్చు మీదనే వేయవచ్చు. ఈ రెండు భాగాలకూ కింద ఉన్న ఆధారం ఒకటి కాదు, ఒకటి పాత రాతిలాంటి గచ్చు మీద, మరొకటి కొత్తగా కుదించిన మొరం మీద. అవి రెండూ ఒకే విధంగా కుంగవు. అందువల్ల సరిగ్గా ఆ గీత మీదనే కొత్త కాంక్రీటులో కూడా ఒక అతుకు ఇవ్వాలి. ఇవ్వకపోతే కాంక్రీటే తనకు నచ్చిన వంకర గీతను గీసుకుంటుంది.

తీసివేసే చోట పాత గచ్చు అంచును సమ్మెటతో ఎడాపెడా పగులగొట్టరాదు. కోత యంత్రంతో తిన్నని గీత కోయించి, దానికి ఇవతలి భాగాన్ని మాత్రమే తీయాలి. యంత్రం దొరకకపోతే దారం కట్టి, ఉలితో ఓపికగా గీత వెంబడి చెక్కినా సరిపోతుంది. అతుకు ఎలాగూ కనపడుతుంది, కనపడేదేదో తిన్నగా కనపడటం మేలు.

ఇక పాతదానితో కొత్తది అంటుకోవాలా, విడిగా ఉండాలా? ఇది మేస్త్రిని అడగకుండా ముందే నిర్ణయించుకోవలసిన ప్రశ్న. కొత్త కాంక్రీటు ఆరుతున్నకొద్దీ కుంచించుకుపోతుంది. పాతది ఆ పని ఎప్పుడో ముగించింది. రెండిటినీ పక్కపక్కన పోసి ఊరుకుంటే సగం అంటుకొని సగం విడిపోయి గజిబిజి చీలిక వస్తుంది. పక్కన చేర్చే చోట విడిగా ఉంచడమే మంచిదని మా సలహా. కోసిన అంచుకు ఆనించి తారు పూసిన అట్టను నిలబెట్టి, దానికి ఇవతల పోస్తే కొత్తది తన మానాన తాను కుంచించుకుంటుంది. పాత గచ్చుకు రంధ్రాలు వేసి ఇనుప ఊచలు దూర్చి రెండిటినీ బంధించే పద్ధతి ఒకటి ఉన్నది. రాతి కాంక్రీటుకు అది బాగుంటుంది. నలభై ఏళ్ళ ఝామా గచ్చులో రంధ్రం వేయబోతే ముక్క ఊడి చేతికి వచ్చే ప్రమాదమే ఎక్కువ.

పైన వేసే ఎగువ భాగం సంగతి వేరు. అక్కడ అంటుకోవాలి. ముందుగా పాత గచ్చు మీద సుత్తితో అక్కడక్కడ కొట్టి వినాలి. కుండ మోత వినిపించిన చోట పొర లేచినట్లు, దానిని తీసివేయవలసిందే. మిగిలినదాన్ని లోపలి ముక్కలు బయటపడేవరకు ఉలితో గరుకు చేసి, తీగ బ్రష్‌తో తోమి, నాచు, నూనె మరకలు, మొరం దుమ్ము పోయేవరకు కడగాలి. ముందు రాత్రి అంతా తడిగా ఉంచాలి. ఎండిన పాత గచ్చు, అందులోనూ ఇటుక గచ్చు, పైన వేసిన కాంక్రీటులోని నీటిని దాహంగా పీల్చివేస్తుంది. నీరు పోయిన కాంక్రీటు గట్టిపడదు. పోసే వేళకు తడి ఉండాలి గాని నిలిచిన నీరు ఉండరాదు. చిక్కని సిమెంటు పాలు బ్రష్‌తో రుద్ది, అవి ఆరకముందే కాంక్రీటు వేయాలి. సిమెంటు పాలు పూసి టీ తాగడానికి వెళ్ళిన మేస్త్రి, తిరిగి వచ్చి దాని మీదనే పోస్తే, అతికించేందుకు పూసినది విడదీసే పొరగా మారుతుంది.

అంకెలు, పాదముద్ర ఉన్న చోటు సరిగ్గా గేటు దగ్గర, ఎగువ భాగంలో ఉన్నది. యథాతథంగా వదిలితే కాంక్రీటు కింద కప్పబడిపోతుంది. తండ్రిగారి అభ్యంతరానికి అసలు కారణం ఇదేనని మాకు తోచింది. ఆ ముద్ర చుట్టూ అడుగున్నర చదరంగా కోయించి, అడుగునుంచి గడ్డపారతో నిదానంగా లేపితే ఆ పలక మొత్తంగా వచ్చే అవకాశం ఉన్నది. బరువు సుమారు 45 కిలోలు ఉండవచ్చు, ఇద్దరు మోయగలరు. దానిని నడిచే దారిలో తిరిగి అమర్చకుండా, అరుగు పక్కన తులసికోట దగ్గర ఇసుక, సిమెంటు పరుపు మీద పెట్టుకోవచ్చు. కాళ్ళ కింద పడి అరగదు, అంచు ఎవరికీ తగలదు. కోసే ముందు ఆ చోట కూడా సుత్తితో మోత విని చూడాలి. డొల్లగా వినిపిస్తే లేపే ప్రయత్నమే వద్దు. అటువంటప్పుడు వాలును గేటు రెండవ రెక్క వైపుకు జరిపి వేసుకొని, ఆ పలకను ఉన్నచోటనే ఉంచి, చుట్టూ చిన్న గట్టు కట్టుకోవడం ఒక్కటే దారి. నాలుగడుగుల వెడల్పు వాలు చాలు కాబట్టి సాధారణంగా చోటు మిగులుతుంది. ఈ రెండిటిలో ఏది చేయాలో తండ్రిగారినే నిర్ణయించమనండి. ఆ తరువాత మిగతా పనికి ఆయనకంటే మంచి పర్యవేక్షకుడు మీకు దొరకరు.

వాలు లోపలికి దిగుతుంది గనుక దాని మీద పడిన వాన నీరు ఇంటివైపే వస్తుంది. దిగువ కొసలో, అతుకును ఆనుకొని అడ్డంగా 4 అంగుళాల వెడల్పు కాలువ ఇచ్చి, పైన వాకర్ కాళ్ళు దిగబడని సన్నని జాలీ పరచాలి. వీధి కాలువ ఇప్పుడు ఎత్తున ఉన్నది కాబట్టి నీరు అటు పోదు. పెరటి వైపు ఇంకుడు గుంతకు మళ్ళించాలి. మొరం నేల నీటిని బాగానే ఇంకించుకుంటుంది, గుంత మాత్రం పునాదికి పది అడుగులకు తగ్గని దూరంలో ఉండాలి.

సామగ్రి కొద్దిదే. నాలుగడుగుల వెడల్పున ఈ వాలుకు మొత్తం 13 ఘనపుటడుగులకు పైచిలుకు కాంక్రీటు పడుతుంది. ఒక పాలు సిమెంటుకు ఒకటిన్నర పాళ్ళు ఇసుక, మూడు పాళ్ళు చిప్స్ చొప్పున కలిపితే మూడు బస్తాలు సరిపోతాయి. నీరు 50 కిలోల బస్తాకు 30 లీటర్లు మించరాదు, తడి ఇసుకలో ఉన్న నీరు కూడా ఆ లెక్కలోదే. సులభంగా జారుతుందని బకెట్టు కుమ్మరించే కూలీని వారించే బాధ్యత ఇంట్లో ఎవరో ఒకరు తీసుకోవాలి. మూడు బస్తాలూ ఒకే కంపెనీవి, ఒకే రోజు కొన్నవి అయితే కొత్త గచ్చులోనే రెండు రంగులు రాకుండా ఉంటుంది.

రంగును గురించి కూడా రెండు మాటలు. ఉక్కు కర్మాగారాలు దగ్గరగా ఉన్న తూర్పు ప్రాంతంలో స్లాగ్ సిమెంటు వాడకం ఎక్కువ, అది సాధారణ సిమెంటు కంటే తెల్లగా తేలుతుంది. కొత్త కాంక్రీటు మొదట ముదురుగా కనపడి, ఆరిన కొద్దీ వెలుస్తుంది. మూడు నెలలు గడవకుండా దాని రంగు మీద తీర్పు చెప్పరాదు. రెడ్ ఆక్సైడ్ కలిపి పాతదాని ఛాయ తెప్పించాలని కొందరు చూస్తారు. కలిపినా సిమెంటు బరువులో నూటికి పది పాళ్ళు దాటరాదు, మా మట్టుకు ఆ శ్రమే అనవసరం అనిపిస్తుంది. ఖరగ్‌పూర్ వానలకు ఎగిరే ఎర్ర మొరం ప్రహరీ గోడలకే మోకాలెత్తు వరకు రంగు వేస్తుంది, గచ్చును విడిచిపెడుతుందా?

పైన పొడి సిమెంటు చల్లి తాపీతో అద్దంలా నునుపు చేయించుకోవడం చాలామందికి ముచ్చట. ఆ నునుపు మీద సన్నని పగుళ్ళ వల వస్తుంది, ఆషాఢంలో అడుగు జారుతుంది. చెక్కతో సమం చేసి, నీరు ఇగిరిన తరువాత కొబ్బరి ఈనెల చీపురుతో దారికి అడ్డంగా గీతలు లాగిస్తే పాదానికి పట్టు దొరుకుతుంది. పాత గచ్చు అరిగి గరుకు తేలి ఉంటుంది కాబట్టి, చూపుకు కూడా రెండూ కలిసేది ఈ గీతల వల్లనే.

క్వార్టర్లలో ఉన్నవారు ఇటువంటి పని తలపెట్టేముందు కార్యాలయానికి దరఖాస్తు పెట్టుకోవాలి. సొంత ఖర్చుతోనైనా సరే, అనుమతి లేకుండా ప్రభుత్వ ఆస్తిలో కోత యంత్రం పెట్టరాదు.

నీళ్ళు కట్టే విషయంలో నియమం స్పష్టంగా ఉన్నది. భారతీయ ప్రమాణం 456, 2000 సంవత్సరపు ప్రతి ప్రకారం సాధారణ సిమెంటుకు 7 రోజులు, స్లాగ్ వంటి మిశ్రమ సిమెంటుకు 10 రోజులు తక్కువ కాకుండా తడిపి ఉంచాలి. పొడి వేడి వాతావరణంలో అవి 10, 14 రోజులు కావాలి. వైశాఖపు ఎండలో గోనెలు గంటకే ఎండిపోతాయి కనుక ఆ నెలలలో పని పెట్టుకోకపోవడమే మంచిది. జ్యేష్ఠం దాటితే వానలు. దుర్గా పూజ సెలవులు ముగిసి రాజ్‌మిస్త్రీలు తిరిగి పనిలోకి వచ్చిన తరువాత, దీపావళి దాటాక, ఆ ఊళ్ళో ఢలాయికి అనువైన వారాలు మొదలవుతాయి. పోసిన రెండు వారాల పాటు తల్లిగారికి పక్క గుమ్మం నుంచి రాకపోకలు ఏర్పాటు చేయండి, స్కూటరును మాత్రం నెల రోజులు వీధిలోనే ఉంచండి.